మోగని అలారం

పిల్లల వార్డు కింద ఉన్న మెషిన్ గదిలో, గ్యాస్ లీకైతే అరిచి గోల చేయాల్సిన అలారం తీగను ఎవరో కోసేశారు.

దానంతటది తెగిపోలేదు. ఎలుక కొరకలేదు. కటింగ్ ప్లయర్‌తో ఒక్క నొక్కు నొక్కి కోసేశారు. కిటికీ వెలుతురులో చూస్తే రాగి పోగులు రెండు వైపులా సమంగా ఉన్నాయి. పైగా ఆ రాగి మెరుపు పోయి నల్లబడింది. ఇవాళో నిన్నో చేసిన పని కాదిది. గోడ మీది అలారం పెట్టెలో పచ్చదీపం మాత్రం అంతా క్షేమం అన్నట్టు నిర్లజ్జగా వెలుగుతోంది.

పోయిన వారం కథలో, మంత్రులు రాకముందు మెషిన్ చూసుకోవడానికి వచ్చిన చల్లమ్మను ఈ గది గుమ్మంలోనే, తాళంచెవి చేతపట్టించి వదిలేశాం. ఆమె అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పర్యావరణ శాఖలో ఇంజనీరుగా చేరినప్పటి నుంచి ఒకటే పాట. మనుషుల్ని చల్లగా ఉంచాలి, ఆ పనిలో భూమిని ఇంకా కాల్చకూడదు. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు, ఆమె కోపం తెచ్చుకోకపోవడంతో అలాగే అతుక్కుపోయింది.

దేశం మొత్తానికీ వాతావరణ ప్రణాళిక తయారవుతోంది. అందులో అడవులకు చోటుంది, బొగ్గుకు చోటుంది, వాహనాలకు చోటుంది. చల్లదనానికి లేదు. ఎండలు ముదిరే కొద్దీ జనం ఏసీలు కొంటారు. ఏసీలు కరెంటు తాగుతాయి. వాటిలోంచి కారిపోయే పాత గ్యాసు బొగ్గు పొగను తలదన్నేలా భూమిని వేడెక్కిస్తుంది. ఎండలు ఇంకా ముదురుతాయి. జనం ఇంకా ఏసీలు కొంటారు. ఈ గానుగ ఆగాలంటే ప్రణాళికలో ఒక అధ్యాయం ఉండి తీరాలని చల్లమ్మ పట్టు.

ఆ పట్టుకు అడ్డుపడ్డవాడు ప్రధాన సలహాదారు. మండు వేసవిలోనూ కోటు విప్పడు కనుక అందరికీ ఆయన కోటాయనే. "ఫ్యాన్లకూ ఫ్రిజ్జులకూ దేశ ప్రణాళికలో అధ్యాయమేమిటమ్మా, నవ్వుతారు. ఒక వాక్యం రాసి వదిలెయ్" అంటూ, మంచుగడ్డలా ఉండే తన గదిలో కూర్చునే చెప్పాడు. చివరికి బేరం ఇక్కడ తెగింది: మంత్రుల బృందం ఇవాళ ఈ ఆస్పత్రి పిల్లల వార్డును కళ్ళారా చూస్తుంది. పైకప్పుకు తెల్ల పూత, కిటికీలకు నీడ పలకలు, కింద గదిలో కొత్త రకం చల్లబరిచే మెషిన్. వార్డు నచ్చితే అధ్యాయం ఉంటుంది. నచ్చకపోతే సాయంత్రం ఖరారయ్యే ప్రతిలోంచి ఎగిరిపోతుంది. మళ్ళీ ఆ ప్రణాళికను తెరిచేది అయిదేళ్ళకే.

కొత్త మెషిన్‌లోని గ్యాసు భూమిని దాదాపు ఏమీ చేయదు. దానికున్నది ఒకే ఒక్క దుర్గుణం. అది వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. గదిలో నిండిన వేళ ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ తీగ ఉన్నది అందుకు. అది కోసి ఉంది. పైన పిల్లలున్నారు.

చల్లమ్మ చెయ్యి అలవాటుగా లైటు స్విచ్ మీదికి వెళ్ళి, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. అడుగులో అడుగేసుకుంటూ బయటికొచ్చి, వరండాలోని మెయిన్ స్విచ్ కట్టేసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

హెడ్ నర్సు ఒక పిల్లవాడి జుట్టు దువ్వుతోంది.

"సిస్టరమ్మా, పిల్లలందర్నీ అవతలి బ్లాకుకు మార్చండి. ఇప్పుడే."

"ఇప్పుడా? మంత్రులొస్తున్నారని పొద్దుటి నుంచి దుప్పట్లు మార్చి, తలలు దువ్వి, ముక్కులు తుడిచి బొమ్మల్లా కూర్చోబెట్టాను. ఈ ముక్కులు మళ్ళీ తుడవాలంటే నా వల్ల కాదు తల్లీ."

"కింద గ్యాస్ లీకై ఉండొచ్చు."

నర్సు చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఆ మాట ముందు చెప్పొద్దూ!" అని గొణిగి, మరుక్షణం వార్డంతా వినబడేలా చప్పట్లు కొట్టింది. "ఒరేయ్ పిల్లలూ! చక్రాల మంచం మీద సవారీ ఎవరికి కావాలి?"

కావాలి కావాలి అన్న కేకల మధ్య చల్లమ్మ మళ్ళీ కిందికి దిగింది.

ఆమె సంచిలో చేతిమీటరు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మండే గ్యాసు రవ్వంత తగిలినా కూతపెట్టే పరికరం. దాన్ని ముందుకు చాచి గదంతా తిరిగింది. నేల దగ్గర, మూలల్లో, మెషిన్ వెనక. మీటరు నోరు మెదపలేదు. గొట్టాల అతుకు దగ్గర మాత్రం నూనె జిడ్డు కనిపించింది. గ్యాసు కారిన చోట దాంతోపాటు మెషిన్ నూనె కూడా చెమర్చుతుంది. అంటే ఇక్కడ ఎప్పుడో లీకైంది. మీటరును ఆ అతుకుకు ఆనించింది. చడీచప్పుడు లేదు.

మీటరే చెడిపోయిందా?

బయటికొచ్చి గేటు దగ్గరి వాచ్‌మన్‌ను లైటర్ అడిగింది.

"అయ్యో మేడమ్, సిగరెట్ మానేశానని మీ ముందేగా ఒట్టేశాను!"

"లైటర్ మాననని కూడా నీ చొక్కా జేబు చెబుతోంది. ఇవ్వు."

మంట రాకుండా లైటర్ మీట మాత్రం నొక్కి, మీటరు ముందు పెట్టింది. మీటరు గుండెలు అవిసేలా అరిచింది. వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి గెంతాడు. మీటరు బంగారంలా ఉంది.

మళ్ళీ గదిలోకి వెళ్ళి, మెషిన్‌కు గ్యాసు నింపే చోట మూత విప్పి, పిన్నును గోటితో ఇంతంటే ఇంత నొక్కింది. బుస్సుమని గ్యాసు వచ్చి వేలిని చల్లగా కొరికింది. మీటరును దాని నోటికే పెట్టింది.

మీటరు కిమ్మనలేదు.

చల్లమ్మ మెషిన్ పక్కనే నేల మీద కూర్చుంది. గ్యాసు ఉంది. మండే గ్యాసు కాదు. అంటే మెషిన్‌లో ఉన్నది కొత్త గ్యాసే కాదు. ఎవరో దాన్ని తీసేసి మండని పాతదాన్ని నింపారు. ఏ గ్యాసును దేశం నుంచి సాగనంపాలని ఆమె అధ్యాయమంతా రాసిందో, అదే ఆమె రుజువు కడుపులో దర్జాగా కూర్చుని ఉంది. ఈ వార్డు ఎంత చల్లగా ఉందో, ఎంత తక్కువ కరెంటు వాడిందో కమిటీల ముందు గొంతు చించుకుని చెప్పిన అంకెలన్నీ, కొన్ని వారాలుగా, ఈ పాత గ్యాసు అంకెలే.

ఫోన్ మోగింది. కోటాయన.

"ఏమ్మా చల్లమ్మా, రెండింటికి వస్తున్నాం. మెషిన్ బాగానే ఉందా?"

గొంతులో తేనె. ఏనాడూ మెషిన్ బాగోగులు అడగని మనిషి. చల్లమ్మ ఒంట్లో రక్తం సలసల మరిగింది.

"ఎందుకు అడుగుతున్నారు సార్?"

"అడగకూడదా? పెళ్ళికొడుకు చెడిపోతే పెళ్ళి ఆగుతుంది కదమ్మా, అందుకని." నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఈయనే. ఇంకెవరికి అవసరం? అలా అనుకుని లేవబోతూ గొట్టాన్ని ఆసరాగా పట్టుకుంది. వేళ్ళకు తెల్లగా, పొడిగా ఏదో రాలింది.

అతుకు చుట్టూ ఎండిపోయిన నురగ. టార్చి వెలుగులో చూస్తే దానిలో సన్నటి గీతలు, కుంచెతో పూసినట్టు. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. గడ్డం సబ్బు వాసన.

గ్యాసు నింపాక అతుకుకు సబ్బు నురగ పూసి బుడగ వస్తుందేమో చూడటం మెకానిక్కులందరూ చేసేదే. ఇప్పుడందరూ స్ప్రే సీసాలు వాడుతున్నారు. గడ్డం సబ్బును కప్పులో గిలక్కొట్టి, గడ్డం బ్రష్‌తోనే పూసే మనిషి ఆమెకు తెలిసినంతలో ఒక్కడే. దొంగపని చేయడానికి వచ్చినా, అతుకు పరీక్షించకుండా గది దాటలేని మనిషి. చేతి అలవాటే ఆ చేతిని పట్టించింది.

కోటాయన మీది కోపం నీరుకారిపోయింది. మీటరును సంచిలో వేసుకుని రోడ్డు వైపు నడిచింది.

ఆస్పత్రి ఎదుటి రోడ్డు దాటితే మెకానిక్కుల శిక్షణ బడి. మధ్యాహ్నం భోజనాల వేళ, విద్యార్థులెవరూ లేరు. తలుపులు ఊడదీసిన ఫ్రిజ్జులు గోడ పొడవునా నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. నల్లబల్ల మీద గ్యాసు తిరిగే దారి, బాణాలతో. దాని కింద బల్ల ముందు, కళ్ళజోడుకు దారం కట్టుకున్న ముసలాయన రాగి గొట్టం చివరను ఆకురాయితో సాపు చేస్తున్నాడు. ఊళ్ళో ఏసీలు బాగుచేసే వాళ్ళలో సగం మంది ఆయన చేతి కింద నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళందరికీ ఆయన మాస్టారు. చల్లమ్మకు మామయ్య. భర్త తండ్రి.

"రా అమ్మాయ్. ఏమిటా చెమట? చల్లదనం గురించి రాసేదానివి నువ్వే ఇలా తడిసిపోతే మంత్రులు ఏం నమ్ముతారు?"

చల్లమ్మ నవ్వలేదు. బల్ల మీద గాజుగ్లాసులో తలకిందులుగా నిలబడ్డ బ్రష్‌ను చూస్తోంది.

"మామయ్యా, మీరు గడ్డం పెంచి చాలా కాలమైంది. ఆ బ్రష్‌తో ఏం పని?"

"కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే కదా, ఇవాళేం కొత్త? స్ప్రే నురగ కన్ను ఆర్పేలోపు జారిపోతుంది. ఇది నిలబడుతుంది."

"నిజమే. నిలబడింది. ఆస్పత్రి మెషిన్ గదిలో ఇంకా నిలబడే ఉంది."

ఆకురాయి ఆగింది.

"మెషిన్‌లో ఏ గ్యాసుంది మామయ్యా?"

"నువ్వు రాసిందే."

"నా వైపు చూసి చెప్పండి."

ఆయన చూడలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. తుడిచినచోటే తుడుస్తున్నాడు.

"అబద్ధం మీకు అచ్చిరాదు. కంచంలో కూర బాగాలేదని చెప్పడానికే మీకు అరగంట పడుతుంది. ఎందుకొచ్చిన తంటా, వదిలేయండి."

ముసలాయన బల్ల మీదికి వంగి రెండు చేతులూ ఆనించాడు. ఆయన మాట్లాడినప్పుడు గొంతు పాఠం చెప్పే గొంతులాగే ఉంది, కాకపోతే నీరసంగా.

"బుజ్జికి జ్వరమొచ్చి ఆ వార్డులోనే పెట్టారు, గుర్తుందా? నీ మొగుడు ఓడ మీద డ్యూటీలో. నువ్వు ప్రణాళిక మీటింగులని వేరే ఊళ్ళో. పిల్ల పక్కన తాతను నేనే కూర్చున్నాను. కాసేపు కాళ్ళు సాగుతాయని కిందికి దిగి మెషిన్ చూశాను. లీకవుతోంది. పైన పసిపిల్లలు. ఎవర్ని పిలిచి, ఎప్పుడు వస్తారని ఆగను? వరండాలో మెయిన్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, ఉన్న గ్యాసంతా బయటికి వదిలేశాను. మెషిన్ ఆగిపోతే ఆ ఎండకు పిల్లలు వాడిపోతారు. నా దగ్గర ఉన్నది పాత గ్యాసు. అదే నింపాను. అంతే."

"అంతేనా? వారాల తరబడి నేను ఆ అంకెలు పట్టుకుని ఊరేగుతుంటే చూస్తూ కూర్చున్నారా?"

"చెబుదామనే గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు లోపలికి వస్తూనే చెప్పులైనా విప్పకుండా 'మామయ్యా, వార్డు గెలిచింది, మంత్రులు చూడటానికి ఒప్పుకున్నారు' అన్నావు. చిన్నపిల్లలా ఎగిరావు. నాకు నోరు పెగల్లేదు."

చల్లమ్మకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. మామయ్య మౌనంగా మంచినీళ్ళ గ్లాసు అందించడం గుర్తొచ్చింది. మనవరాలి కోసం చేశాడు. పదిమంది పిల్లల కోసం చేశాడు.

వెనుదిరిగి, గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. నల్లబల్ల మీది బాణాల వైపు చూస్తూ, ఏదో లెక్క కుదరనట్టు కనుబొమలు ముడిచింది.

"మామయ్యా."

"ఊఁ."

"ఆ గ్యాసుకు రంగు లేదు."

ఆయన కళ్ళజోడును బల్ల మీద పెట్టాడు.

"వాసన కూడా లేదు. వంటగ్యాసుకు వాసన కలుపుతారు. దీనికి కలపరు. అందుకే కదా ఆ గదికి అలారం పెట్టింది. ఆ అలారం తీగ కోసి ఉంది. అది మోగే ప్రశ్నే లేదు. మీ దగ్గర ఈ మీటరు లేదు. నూనె జిడ్డు కూడా పనిగట్టుకుని వెతికితేనే కనిపిస్తుంది." మెల్లగా వెనక్కి వచ్చి బల్లకు అవతల నిలబడింది. "కాళ్ళు సాగుతాయని దిగిన మనిషికి, లీకవుతోందని ఎలా తెలిసింది?"

రోడ్డు మీద ఏదో బండి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ముసలాయన కూర్చోవడానికి వెనక స్టూలు కోసం చేత్తో తడిమాడు. అది అక్కడ లేదు. చల్లమ్మ జరపబోయి, జరపలేదు.

ఆమె ఫోన్ మళ్ళీ మోగింది. తెర మీద కోటాయన. ఎత్తి స్పీకర్ మీద పెట్టింది.

"కార్లు బయల్దేరాయమ్మా. అన్నట్టు, పిల్లల్ని ఎందుకు మార్పించావు? సూపరింటెండెంట్ ఇప్పుడే ఫోన్ చేశాడు. ఖాళీ మంచాలు చూపిస్తావా మంత్రులకి? ఏమైనా ఇబ్బందుంటే చెప్పు, అధ్యాయం ఇప్పుడే తీయించేద్దాం. నీకూ పరువు దక్కుతుంది."

"వచ్చాక చెబుతాను సార్." ఫోన్ ఆపేసి బల్ల మీద బోర్లించింది. "విన్నారుగా? ఇంకాసేపట్లో ఆ వార్డులో నిలబడి నేను ఏదో ఒకటి చెప్పాలి. నిజం చెబితే అధ్యాయం పోతుంది. అబద్ధం చెబితే నేను పోతాను. ఏది చెప్పాలో తేల్చుకునే ముందు అసలు నిజమేమిటో నాకు తెలియాలి. నా మొహం చూసి చెప్పండి మామయ్యా. లీకని మీకెలా తెలిసింది?"

ఈసారి ఆయన చూశాడు. కళ్ళజోడు లేని ఆ కళ్ళు ఎర్రగా, తడిగా, ఎప్పుడూ లేనంత చిన్నవిగా ఉన్నాయి.

"నేనే చేశాను కనుక తెలిసింది అమ్మాయ్.

"ఆ అతుకు నట్టు వదులు చేసింది నేనే. ఈ చేతులతోనే. బుజ్జి పక్కన కూర్చున్నానని, కాళ్ళు సాగాలని దిగానని చెప్పిందంతా అల్లిక. అప్పటికి బుజ్జి ఆస్పత్రిలోనే లేదు. బడి పని మీద వచ్చానని చెప్పి గది తాళంచెవి తీసుకున్నాను. మాస్టారిని ఎవరు కాదంటారు?

"నీ అధ్యాయం నేను అక్షరం వదలకుండా చదివాను. మెషిన్లకు చోటుంది. పైకప్పులకు చోటుంది. వీధుల్లో నీడకు కూడా చోటుంది. ఆ మెషిన్ విప్పేవాడికి ఒక్క వాక్యం లేదు. దేశం నిండా మండే గ్యాసు పెట్టమంటున్నావు, దాన్ని ముట్టుకునే కుర్రాళ్ళకు ఎవరు నేర్పుతారమ్మా అని నిన్ను మళ్ళీ మళ్ళీ అడిగాను. 'వచ్చే ప్రతిలో చూద్దాం మామయ్యా' అన్నావు. నా దగ్గర నేర్చుకున్నవాడే ఒకడు, ఎక్కడో ఇలాంటి మెషిన్ పాత పద్ధతిలో విప్పబోయి మొహం కాల్చుకుని వచ్చి, ఇదిగో, నువ్వు నిలబడ్డచోటే నిలబడి, 'నాకెవరూ చెప్పలేదు మాస్టారూ' అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

"ఒక్కసారి అలారం మోగితే చాలనుకున్నాను. అది మోగితే మెషిన్ దానంతటదే ఆగిపోతుంది, అందరూ బయటికొస్తారు, ఎవరికీ ఏమీ కాదు, పేపర్లో పడుతుంది, అప్పుడైనా నీ వాళ్ళు మా వాళ్ళ గురించి ఆలోచిస్తారనుకున్నాను. పైన పిల్లలున్నారని తెలుసు. తెలిసే చేశాను. అలారం ఉంది కదా అని చేశాను. నట్టు వదులు చేసి, ఎదుటి టీకొట్టులో కూర్చుని చెవులు రిక్కించాను.

"మోగలేదు. టీ చల్లారిపోయింది. మోగలేదు. అంతలో ఆటో ఆగింది. పక్కింటావిడ మన బుజ్జిని భుజాన వేసుకుని దిగింది. జ్వరంతో పిల్ల తల వేలాడిపోతోంది. నా కళ్ళ ముందే ఆ వార్డు మెట్లెక్కించింది, నేను గ్యాసు వదిలిన గది మీదికి. ఎలా పరిగెత్తానో నాకు తెలీదు. తలుపు తీసి, ఊపిరి బిగబట్టి, గోడ మీది పెట్టె వైపు చూశాను. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. దాని వెనక చెయ్యి పెడితే తీగ కొస చేతికొచ్చింది.

"నన్ను పోలీసులకు పట్టించు. మంత్రుల ముందు నిలబెట్టు. లీకు చేసింది నేనే, గ్యాసు మార్చింది నేనే, నిన్ను మోసం చేసింది నేనే. ఏ శిక్షయినా తలవంచుకుని పడతాను. కానీ ఆ తీగ నేను కోయలేదమ్మా. అది మోగుతుందన్న నమ్మకంతోనే నేను నట్టు మీద చెయ్యి వేశాను. నేను ఆ గదిలో అడుగుపెట్టక ముందే ఎవరో దాన్ని కోసి ఉంచారు."